భారీ గుమ్మడి నారు: గింజను ఇంట్లో మొలకెత్తించడం నుంచి మడిలో నాటడం వరకు

వందల కిలోలు తూగే గుమ్మడికాయను పండించాలనుకునేవారు ఎరువుల గురించీ, నీటి తడుల గురించీ, కాయ రోజుకు ఎంత బరువు పెరుగుతుందన్న లెక్కల గురించీ ఎక్కువగా చదువుతారు. అవన్నీ అవసరమే కానీ, ఆ కాయను మోసే తీగకు పునాది పడేది అంతకు చాలా ముందు, గింజ పగిలిన నాటి నుంచి మొక్క మడిలో వేళ్ళూనుకునే వరకు ఉండే నాలుగైదు వారాల్లోనే. ఈ వ్యాసం ఆ కొద్ది వారాలకే పరిమితం.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. ఈ గింజను ఇంట్లో ఎందుకు వేస్తామంటే, మొలకెత్తడానికి దానికి 27 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి కనుక. చలికాలం గట్టిగా ఉండే ప్రాంతాల్లో బయటి నేలకు అంత వేడి వచ్చేసరికి పంటకాలంలో చాలా భాగం గడిచిపోతుంది, ఆ తర్వాత కాయ నిండుగా ఎదగడానికి రోజులు మిగలవు. అంటే ఇంటి లోపల గింజకు మనం ఇచ్చేది వెచ్చదనం మాత్రమే. మొక్కను కుండీలోనే పెద్దది చేసి తర్వాత బయటికి తీసుకువెళ్దామనుకోవడం టమాటాకో మిరపకో పనికివస్తుందేమో కానీ గుమ్మడికి పనికిరాదు. గుమ్మడి వేరు చాలా వేగంగా పరుగెత్తుతుంది, దారి మూసుకుపోతే కుండీ గోడ వెంట చుట్టుకుంటుంది, తెగితే ఆలస్యంగా కోలుకుంటుంది. వారం ఆలస్యంగా వేసిన గింజ నుంచి వచ్చిన లేత మొక్క, కుండీలో వారం ఎక్కువ మగ్గిన పెద్ద మొక్కను నెల తిరిగేలోగా దాటిపోతుంది. కింద చెప్పబోయే పద్ధతులన్నిటికీ ఆధారం ఇదే: కుండీలో గడిపే కాలం తక్కువగా ఉండాలి, మార్పిడి జరిగిందన్న సంగతి వేరుకు తెలియకూడదు.

తేదీని వెనక నుంచి లెక్కించడం

గింజ వేసే రోజును క్యాలెండరు చూసి కాక, నాటే రోజును బట్టి నిర్ణయించాలి. నానబెట్టిన గింజ సరైన వేడిలో మూడు నుంచి ఆరు రోజుల్లో మట్టి పైకి వస్తుంది. ఆ తర్వాత పది రోజులు అటూ ఇటూగా మొదటి అసలు ఆకు, అంటే మొలకతో పాటే వచ్చే దళసరి బీజదళాల జంట తర్వాత వచ్చే ఆకు, విచ్చుకుంటుంది. మరో నాలుగైదు రోజులు మొక్కను ఎండకూ గాలికీ అలవాటు చేయడానికి పడతాయి. మొత్తం మీద గింజ తడిసిన రోజు నుంచి నాటే రోజు వరకు మూడు వారాలు అనుకుంటే సరిపోతుంది.

ఇక నాటేది ఎప్పుడు? మడి మీద ప్లాస్టిక్ గుడారం వంటి రక్షణ ఏదీ లేకపోతే, మీ ప్రాంతంలో గడ్డకట్టే మంచు చివరిసారిగా పడే తేదీ దాటి వారం గడిచాక నాటడం క్షేమం. అంటే ఆ తేదీకి రెండు వారాల ముందు గింజ వేస్తే చాలు. గుడారం ఉండి, నేలను ముందుగా వెచ్చబరచి ఉంచినట్లయితే, చివరి మంచు తేదీకి రెండు వారాల ముందే నాటవచ్చు కాబట్టి గింజను ఐదు వారాల ముందు వేయాలి. ఉత్తరార్ధగోళంలోని చలి ప్రాంతాల్లో పోటీల కోసం పండించేవారు ఏప్రిల్ మధ్యలో గింజ వేసి, మే మొదటి వారాల్లో నాటి, జూన్ చివరలో గానీ జూలై మొదట్లో గానీ పరాగసంపర్కం చేయడానికి కారణం ఇదే. తూకం పోటీలు సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు మధ్య వరకు జరుగుతాయి, కాయకు ఎదగడానికి ఎనభై నుంచి వంద రోజులు కావాలి. ఆ రెంటినీ కలిపి వెనక్కి లెక్కిస్తే ఈ తేదీలే వస్తాయి.

గింజ

భారీ గుమ్మడి కుకుర్బిటా మాక్సిమా అనే జాతికి చెందినది. నేటి పోటీల్లో కనిపించే కాయలు దాదాపు అన్నీ అట్లాంటిక్ జెయింట్ అనే రకానికి వారసులే. ఆ రకాన్ని కెనడాలోని నోవా స్కోషియా రాష్ట్రంలో విండ్సర్ దగ్గర హోవర్డ్ డిల్ అనే రైతు ఏళ్ళ తరబడి ఎంపిక చేస్తూ స్థిరపరచాడు. 1981లో ఆయన పండించిన ప్రపంచ రికార్డు కాయ బరువు 493.5 పౌండ్లు, అంటే సుమారు 224 కిలోలు. 2023లో కాలిఫోర్నియాలోని హాఫ్ మూన్ బే పోటీలో ట్రావిస్ గైంగర్ తెచ్చిన కాయ 2,749 పౌండ్లు, అంటే సుమారు 1,247 కిలోలు తూగింది. ఈ పెరుగుదలలో సాగు పద్ధతుల పాత్ర ఎంత ఉందో, తరతరాలుగా గింజను ఎంచుకుంటూ రావడం పాత్ర కూడా అంతే ఉంది. అందుకే పండించేవారు ప్రతి గింజనూ దాని తల్లి కాయ బరువు, పండించిన వ్యక్తి ఇంటిపేరు, ఆ సంవత్సరం కలిపి ఒక పేరుతో పిలుస్తారు. మీకు అలా వంశం తెలిసిన గింజ దొరికితే, మొదటి రోజు నుంచీ కుండీ మీద ఆ పేరు రాసి ఉంచండి. మొలకలన్నీ ఒకేలా కనిపిస్తాయి, తర్వాత ఏది ఏదో చెప్పడం ఎవరి వల్లా కాదు.

చల్లగా, పొడిగా దాచిన గింజ ఐదారేళ్ళ తర్వాత కూడా మొలకెత్తగలదు. పలచగా, వంగినట్టుగా, తేలికగా అనిపించే గింజలను మాత్రం పక్కన పెట్టడం మంచిది. ఒక్క మొక్క కావాలంటే కనీసం మూడు గింజలు వేయాలి. ఎంపిక చేసుకునే వీలు లేకుండా ఒక్క మొలక మీదే సీజన్ అంతా ఆధారపడడం తెలివైన పని కాదు.

కుండీ, మట్టి

పది నుంచి పదిహేను సెంటీమీటర్ల వెడల్పూ లోతూ ఉన్న కుండీ చాలు. అంతకంటే చిన్నదైతే వేరు వారంలోపే గోడను తాకుతుంది. మరీ పెద్దదైతే వేరు చేరని మట్టిలో తడి నిలిచి కుళ్ళు మొదలవుతుంది. పీట్‌తో (చిత్తడి నేలల్లో చివికిన నాచు పదార్థం) చేసిన, నేలలో కరిగిపోయే కుండీలను చాలామంది సిఫారసు చేస్తారు. అవి పనికివస్తాయి కానీ రెండు జాగ్రత్తలు అవసరం. నేలపైకి పొడుచుకుని ఉన్న పీట్ అంచు గాలికి ఎండి లోపలి మట్టి తేమను పీల్చేస్తుంది కాబట్టి నాటేటప్పుడు ఆ అంచును చింపేయాలి. గోడలు గట్టిగా ఉంటే వేరు చీల్చుకు రాలేక లోపలే తిరుగుతుంది కాబట్టి అడుగునూ పక్కలనూ కూడా జాగ్రత్తగా చీల్చాలి.

నాకు అంతకంటే నచ్చిన పద్ధతి వేరే ఉంది. ఒక మామూలు ప్లాస్టిక్ కుండీని మట్టి నింపకముందే నిలువుగా రెండు వైపులా, అడుగున అడ్డంగా కోసి, మళ్ళీ గట్టి టేపుతో చుట్టి బిగించాలి. నాటే రోజున టేపు కోయగానే కుండీ పుస్తకంలా తెరుచుకుని మట్టిముద్ద చెక్కుచెదరకుండా చేతికి వస్తుంది. కుండీని తలకిందులు చేసి తట్టాల్సిన పని ఉండదు. నీరు పోవడానికి అడుగున రంధ్రాలు ఉన్నాయో లేదో మాత్రం చూసుకోవాలి.

తోటలోని మట్టిని నేరుగా కుండీలో నింపకూడదు. అది గట్టిపడుతుంది, పైగా నారుకుళ్ళు తెగులు కలిగించే పిథియం, రైజోక్టోనియా వంటి శిలీంధ్రాలు అందులో ఉండవచ్చు. కోకోపీట్ లేదా పీట్ ఆధారంగా, పర్లైట్, వర్మిక్యులైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికపాటి ఖనిజ పలుకులు) కలిపి తయారుచేసిన శుభ్రమైన విత్తన మిశ్రమం వాడాలి. అందులో ఎరువు ఎక్కువగా ఉండనవసరం లేదు. గుమ్మడి బీజదళాలు చాలా మందంగా ఉంటాయి, మొదటి ఆకు విచ్చుకునే వరకు మొక్కకు కావలసిన ఆహారం వాటిలోనే ఉంటుంది. పాత కుండీలు వాడుతున్నట్లయితే, ఒక పాలు బ్లీచ్‌కు తొమ్మిది పాళ్ళు నీళ్ళు కలిపి అందులో కడిగి, మంచినీటితో మళ్ళీ కడిగి ఆరబెట్టాలి.

మిశ్రమాన్ని గింజ వేయడానికి ముందు రోజే తడిపి, పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే రాలేటంత తేమగా ఉంచి, మొలకెత్తించే చోటనే రాత్రంతా వదలాలి. చల్లటి తడిమట్టిలో గింజ వేసి ఆ తర్వాత వేడి చేయడం మొదలుపెడితే, మట్టి మొత్తం వేడెక్కడానికి పట్టే గంటల పాటు గింజ చలిలోనే ఉంటుంది.

గింజను సిద్ధం చేయడం

భారీ గుమ్మడి గింజ పెంకు దళసరిగా ఉంటుంది. నీరు సులభంగా లోపలికి వెళ్ళడానికీ, మొలక పెంకును విప్పుకోవడానికీ వీలుగా గింజ అంచులను గోళ్ళు అరగదీసే ఆకురాయితో గానీ సన్నటి గరుకు కాగితంతో గానీ కొద్దిగా అరగదీస్తారు. గింజకు ఒక చివర గుండ్రంగా, రెండో చివర మొనదేలి ఉంటుంది. వేరు పుట్టేది మొన దగ్గరే కాబట్టి ఆ చివరను ముట్టుకోకూడదు. రెండు పక్కల అంచుల మీద మాత్రమే, పైపూత రంగు పోయి లోపలి లేత రంగు కనిపించే వరకు తేలికగా రుద్దితే చాలు. లోపలి పప్పు కనిపించిందంటే అతిగా రుద్దినట్టే. పెంకు పలచగా ఉన్న గింజలకు ఈ పని అసలు అక్కరలేదు.

తర్వాత గింజలను గోరువెచ్చటి నీటిలో నాలుగు నుంచి ఎనిమిది గంటలు నానబెట్టాలి. గింజకు నీటితో పాటు గాలి కూడా కావాలి, రోజుల తరబడి నీటిలో మునిగి ఉంటే ఊపిరాడక పాడవుతుంది. ఇక్కడి నుంచి రెండు దారులున్నాయి. నానిన గింజను నేరుగా కుండీలో వేయవచ్చు. లేదా తడిపి గట్టిగా పిండిన పేపర్ టవల్‌లో మడిచి, జిప్ కవర్‌లో కొంచెం గాలి ఉండేలా పెట్టి, వెచ్చటి చోట ఉంచి, వేరు ఒక సెంటీమీటరు బయటికి వచ్చాక కుండీలోకి మార్చవచ్చు. రెండో పద్ధతిలో ఏ గింజ బతికి ఉందో ముందే తెలుస్తుంది. ఖరీదైన, అరుదైన గింజలకు అది మంచిది. కానీ రోజుకు రెండుసార్లు తెరిచి చూడాలి. వేరు పొడవైపోయి కాగితంలోకి చొచ్చుకుపోతే విడదీసేటప్పుడు కొన విరుగుతుంది. కొన విరిగిన వేరుతో మొక్క బతకవచ్చు గానీ, పోటీ కాయను ఆశించే మొక్కకు అది మంచి ఆరంభం కాదు.

లోతు రెండున్నర సెంటీమీటర్లు ఉండాలి. ఇది మొలక పైకి రావడానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. గింజపై ఉన్న మట్టి బరువే పైకి లేస్తున్న మొలక తలపై నుంచి పెంకును లాగేయడానికి సాయపడుతుంది. పైపైన వేసిన గింజలు పెంకును టోపీలా పెట్టుకుని పైకి రావడం అందుకే. ముందే వేరు వచ్చిన గింజనైతే వేరు కొన కిందికి ఉండేలా పెట్టాలి. వేరు రాని గింజను మొన కిందికి ఉండేలా నిలబెట్టవచ్చు, లేదా పక్కకు పడుకోబెట్టవచ్చు. నేను పడుకోబెట్టడానికే మొగ్గుతాను. గుమ్మడి కుటుంబపు మొలకలకు వేరూ కాండమూ కలిసే చోట, కింది వైపున ఒక చిన్న మేకులాంటి బుడిపె పుడుతుంది, అది పెంకు అంచును పట్టి ఉంచితే పైనున్న బీజదళాలు దానిలోంచి జారి బయటికి వస్తాయి. గింజ పడుకుని ఉన్నప్పుడు ఈ బుడిపె ఉండాల్సిన చోట ఉంటుంది. ఏ పద్ధతిలోనైనా మొన ఆకాశం వైపు మాత్రం ఉండకూడదు.

వేడి

ఈ దశలో విఫలమైన గింజల్లో ఎక్కువ భాగం చలికీ తడికీ కలిసి కుళ్ళినవే. మట్టి లోపల వేడి 29 డిగ్రీల దగ్గర స్థిరంగా ఉండాలి. గదిలో వేడి ఎంతున్నా తడిమట్టి దానికంటే కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది కాబట్టి, థర్మామీటరు కొనను గింజ ఉన్న లోతులోనే గుచ్చి కొలవాలి. వేడిని ఒకే స్థాయిలో ఉంచే థర్మోస్టాట్ ఉన్న హీట్ మ్యాట్ (కుండీల కింద పరిచే విద్యుత్ చాప) అన్నిటికంటే తేలిక. అది లేనివారు థర్మోకోల్ పెట్టెలో చిన్న ఫిలమెంటు బల్బు పెట్టి, పైన ఖాళీ వదిలి, రెండు రోజులు ఖాళీ పెట్టెతోనే వేడిని సరిచూసుకుని ఆ తర్వాత కుండీలు పెట్టవచ్చు. బల్బుకు కుండీ గానీ పెట్టె గోడ గానీ తగలకూడదు. 35 డిగ్రీలు దాటితే గింజ దెబ్బతింటుంది. 18 డిగ్రీలకు తగ్గితే మొలక రావడం ఆలస్యమై కుళ్ళు ముందు వస్తుంది.

కుండీపై ప్లాస్టిక్ కవర్ వదులుగా కప్పితే మట్టి పైపొర ఎండదు, మళ్ళీ నీళ్ళు పోయవలసిన అవసరమూ సాధారణంగా రాదు. పది రోజులు గడిచినా ఏమీ రాకపోతే మట్టిని పక్కకు జరిపి చూడవచ్చు. గింజ గట్టిగా ఉంటే ఇంకో రెండు మూడు రోజులు ఆగాలి, నొక్కితే మెత్తగా ఉండి వాసన వస్తే పారేయాలి.

మొలక పైకి వచ్చిన రోజు నుంచి

మట్టి పగిలి వంగిన కాండం కనిపించిన గంట నుంచీ పరిస్థితి మారుతుంది. అప్పటిదాకా వెలుతురు అవసరం లేదు, వేడి ఎక్కువ కావాలి. ఇప్పుడు వెలుతురు బాగా కావాలి, వేడి తగ్గాలి. ఈ మార్పును ఒక్క రోజు ఆలస్యం చేసినా, చీకట్లో వెచ్చగా ఉన్న మొలక వేలెడంత పొడవు సాగిపోతుంది. అలా సన్నగా సాగిన కాండం మళ్ళీ లావెక్కదు. కాబట్టి మొలకెత్తే రోజుల్లో పొద్దునా సాయంత్రం కుండీలను చూస్తూ ఉండాలి. కవర్ తీసేసి, హీట్ మ్యాట్ మీద నుంచి దింపి, పగటివేళ 21 నుంచి 24 డిగ్రీలు, రాత్రి 18 డిగ్రీల దగ్గర ఉండే చోటికి మార్చాలి.

కిటికీ దగ్గర వచ్చే వెలుతురు సాధారణంగా చాలదు, మొక్క ఒక వైపుకు వాలిపోతుంది. ట్యూబ్‌లైట్లు అయితే ఆకులకు ఐదు నుంచి పది సెంటీమీటర్ల ఎత్తులో, శక్తివంతమైన ఎల్‌ఈడీ దీపాలైతే దాదాపు ముప్పై సెంటీమీటర్ల ఎత్తులో వేలాడదీసి, రోజుకు 14 నుంచి 16 గంటలు వెలిగించాలి. మొక్క ఎదిగే కొద్దీ దీపాన్ని పైకి జరపాలి. ఒక చిన్న ఫ్యాను దూరం నుంచి మెల్లగా గాలి తగిలేలా పెడితే కాండం గట్టిపడుతుంది, మట్టి పైపొర ఆరుతూ ఉండటం వల్ల నారుకుళ్ళు తెగులుకు అవకాశమూ తగ్గుతుంది.

నీటి విషయంలో పొదుపు అవసరం. వేలితో తాకితే పైపొర పొడిగా అనిపించి, కుండీని ఎత్తితే తేలికగా ఉంటేనే నీళ్ళు పోయాలి. కుండీని ఎత్తి బరువు చూసే అలవాటు ఏ పరికరం కంటే బాగా పనిచేస్తుంది. నీళ్ళు గది వేడిలోనే ఉండాలి, ఉదయం పూట పోయాలి, కాండం మొదట్లో కాక కుండీ అంచు వెంట పోయాలి. నారుకుళ్ళు తెగులు సోకిన మొలక నేల మట్టం దగ్గర నీరు పట్టినట్టు సన్నబడి, ఒక్కసారిగా పడిపోతుంది. దానికి చికిత్స లేదు. ఆ కుండీని మట్టితో సహా వెంటనే దూరంగా తీసేయడమే మార్గం. మొదటి అసలు ఆకు విచ్చుకున్న తర్వాత, ఆకులు లేతపసుపుగా కనిపిస్తేనే, చేపల ద్రవ ఎరువు లేదా సముద్రపు నాచు ద్రావణాన్ని సూచించిన మోతాదులో సగానికి పలుచన చేసి ఒకసారి ఇవ్వవచ్చు.

పెంకు తలపై తగులుకుని వచ్చిన మొలకను చూస్తే వెంటనే లాగేయాలనిపిస్తుంది. పొడిగా ఉన్న పెంకును లాగితే దానితో పాటు బీజదళం చిరుగుతుంది. గోరువెచ్చటి నీళ్ళు చిలకరించి, ఒక గంట తడి దూది కప్పి, పెంకు మెత్తబడ్డాక రెండు అంచులనూ గోళ్ళతో మెల్లగా విడదీయాలి. పెంకు పోయినా లోపల ఉండే పలుచటి బూడిదరంగు పొర కొన్నిసార్లు బీజదళాలను కలిపి పట్టి ఉంచుతుంది. దాన్నీ తడిపి, పట్టకారుతో కొన నుంచి ఒలచాలి.

నాటవలసిన మొక్కలను ఎంచుకునేది కూడా ఈ రోజుల్లోనే. అందరికంటే ముందు మొలిచిందనో, పొడవుగా ఉందనో ఒక మొక్కను ఎంచుకోవడం సరికాదు. పొట్టిగా, లావుగా ఉన్న కాండం, సమానంగా విచ్చుకున్న బీజదళాలు, ముడతలు లేని మొదటి ఆకు, మధ్యలో స్పష్టంగా కనిపించే ఎదుగుదల మొగ్గ ఉన్న మొక్కే మంచిది. కొన్ని మొలకల్లో మధ్య మొగ్గ అసలే ఉండదు, ఆ మొక్కకు తీగ రాదు. మరికొన్నిటిలో కాండం బల్లపరుపుగా, రెండు మూడు తీగలు అతుక్కున్నట్టు వస్తుంది. వేరే మొక్క ఉన్నప్పుడు దాన్ని వదిలేయడమే నయం.

మడి సిద్ధంగా ఉందా?

మొలక కుండీలో ఉన్నప్పుడే మడిలో పని పూర్తి కావాలి. బాగా చివికిన పశువుల ఎరువూ కంపోస్టూ ముందటి శరత్కాలంలోనే నేలలో కలిసి ఉండటం ఉత్తమం. పచ్చి ఎరువును వసంతంలో వేస్తే లేత వేళ్ళు మాడిపోతాయి. నేల ఉదజని సూచిక (pH) 6.5 నుంచి 7 మధ్య ఉండాలి, దాన్ని మట్టి పరీక్ష ద్వారానే తెలుసుకోవాలి. ఒక్కో మొక్కకు కనీసం 40 చదరపు మీటర్ల స్థలం కేటాయించాలి. తడిగా ఉన్న నేలను తవ్వితే గడ్డలు కట్టి సీజనంతా వేధిస్తుంది. తవ్విన తర్వాత దాని మీద నడవకుండా చెక్క పలకలు వేసుకోవాలి.

నాటడానికి రెండు వారాల ముందు మడి మధ్యలో రెండు మీటర్ల మేర పారదర్శక ప్లాస్టిక్ షీటు పరచి, అంచుల మీద మట్టి కప్పాలి. వీలైతే గుడారాన్ని కూడా అప్పుడే నిలబెట్టాలి. పొద్దున్నే, పది సెంటీమీటర్ల లోతులో, నేల వేడి వరుసగా కొన్ని రోజుల పాటు 18 డిగ్రీలకు తగ్గకుండా ఉంటేనే నాటాలి. మధ్యాహ్నం కొలిచిన అంకె మోసం చేస్తుంది. చల్లటి నేలలో పెట్టిన గుమ్మడి మొక్క చావకపోయినా రెండు మూడు వారాలు కదలకుండా కూర్చుంటుంది, అప్పుడు ముందుగా నాటిన ప్రయోజనం ఏమీ మిగలదు.

బయటి గాలికి అలవాటు చేయడం

దీపాల కింద పెరిగిన ఆకు నేరుగా ఎండలో పెడితే తెల్లగా మాడుతుంది. మొదటి రోజు గాలి తగలని నీడలో గంటో రెండు గంటలో ఉంచి లోపలికి తేవాలి. రెండో రోజు ఉదయపు ఎండ కొద్దిగా తగలనివ్వాలి. ఇలా పెంచుతూ నాలుగైదు రోజుల్లో పగలంతా బయట ఉండగలిగేలా చేయాలి. 12 డిగ్రీల కంటే చల్లగా ఉన్న రోజునా, గాలి గట్టిగా వీచే రోజునా బయటికి తీయనక్కరలేదు. చాలా పంటలకు ఈ అలవాటు కోసం రెండు వారాలు తీసుకుంటారు, గుమ్మడికి అంత వ్యవధి లేదు. గుడారంలోకి నాటేటట్లయితే, కుండీలను రెండు మూడు రోజులు ఆ గుడారంలోనే ఉంచితే చాలా మటుకు సరిపోతుంది.

నాటే రోజు

మొదటి అసలు ఆకు పూర్తిగా విచ్చుకుని, రెండోది బయటపడుతూ, కుండీ అడుగు రంధ్రాల్లో తెల్లటి వేరు కొనలు కనిపించడం మొదలైతే అదే సరైన సమయం. వాతావరణం అనుకూలించకపోతే మొక్కను అలాగే ఆపడం కంటే, మట్టిముద్దతో సహా పెద్ద కుండీలోకి మార్చి మరికొన్ని రోజులు ఆగడం మేలు. మబ్బుగా ఉన్న రోజునో, సాయంత్రమో నాటాలి. కుండీకి కొన్ని గంటల ముందే నీళ్ళు పోసి ఉంచితే మట్టిముద్ద విడిపోదు.

తీగ ఏ వైపు సాగుతుందో ముందే తెలుసుకోవడానికి మొక్కే ఒక గుర్తు ఇస్తుంది. ప్రధాన తీగ సాధారణంగా మొదటి అసలు ఆకు ఉన్న వైపుకు ఎదురు దిశలో సాగుతుంది. అంటే తీగ ఉత్తరానికి వెళ్ళాలనుకుంటే మొదటి ఆకు దక్షిణం వైపు చూసేలా మొక్కను పెట్టాలి. ఇందులో ఆకుకూ బీజదళాలకూ తేడా గమనించాలి. మొదట విచ్చుకునే నున్నటి, దళసరి జంట బీజదళాలు. వాటి మధ్య నుంచి వచ్చే, అంచులు కొద్దిగా రంపంలా ఉండి నూగు ఉన్నదే అసలు ఆకు. దిశను ఇప్పుడే సరిచూసుకుంటే, తర్వాత తీగను బలవంతంగా తిప్పవలసిన పరిస్థితి రాదు. గాలి ఎక్కువగా ఏ వైపు నుంచి వస్తుందో కూడా చూసి, తీగ గాలికి ఎదురుగా కాక గాలి పోయే వైపు సాగేలా అమర్చుకోవడం మంచిది.

గుంత తవ్వడానికి ఒక సులువైన ఉపాయం ఉంది. మొక్క ఉన్న కుండీ కొలతలోనే ఉన్న ఖాళీ కుండీని గుంతలో పెట్టి, చుట్టూ మట్టి సర్ది మెల్లగా అదిమి, ఆ ఖాళీ కుండీని పైకి తీస్తే, మట్టిముద్ద సరిగ్గా ఇమిడే అచ్చు నేలలో మిగులుతుంది. అప్పుడు వేళ్ళ చుట్టూ మట్టిని చేత్తో నొక్కాల్సిన పని ఉండదు. గుంత గోడల మీద మైకోరైజా (వేళ్ళతో కలిసి జీవించే మేలుచేసే శిలీంధ్రం) పొడి చల్లితే, అది వేళ్ళకు నేరుగా తగిలి వేగంగా పనిచేస్తుంది. రసాయనిక ఎరువు మాత్రం గుంతలో వేయకూడదు.

టేపు కోసి కుండీని విప్పి, అడుగున చేయి పట్టి, మట్టిముద్దను అచ్చులోకి దించాలి. కాండాన్ని పట్టుకుని ఎత్తకూడదు. మొక్క బీజదళాలకు కాస్త కింది వరకు నేలలో ఉండేలా, తీగ సాగబోయే వైపుకు కొద్దిగా వాలి ఉండేలా పెట్టాలి. ఇలా వాలుగా పెట్టడానికి కారణం తర్వాత తెలుస్తుంది. గుమ్మడి తీగ మొదట నిటారుగా లేచి, బరువు పెరిగాక నేలకు వాలుతుంది. నిటారుగా నాటిన మొక్క గాలికి ఏదో ఒక వైపు కూలేటప్పుడు మొదలు దగ్గర మెలిపడి చీలవచ్చు. ముందే వాలి ఉన్నది నెమ్మదిగా తన దారిలోనే పడుకుంటుంది. చివరగా గోరువెచ్చటి నీళ్ళు మెల్లగా పోసి, కాండం చుట్టూ పిడికెడు ఇసుక పరిస్తే, ఆ భాగం పొడిగా ఉండి కుళ్ళు సోకదు.

రెండు మొక్కలను మీటరు ఎడంలో నాటి, రెండు మూడు వారాల తర్వాత బలమైనదాన్ని ఉంచుకోవడం చాలామంది పాటించే పద్ధతి. తీసేసే మొక్కను పీకకూడదు, కత్తెరతో నేల మట్టానికి కత్తిరించాలి. పీకితే పక్క మొక్క వేళ్ళు కదులుతాయి.

గుడారం కింద తొలి వారాలు

కనీసం మీటరున్నర చదరపు వైశాల్యం ఉన్న చట్రంపై పారదర్శక ప్లాస్టిక్ బిగిస్తే గుడారం తయారవుతుంది. దాని వల్ల చలి కంటే వేడితోనే ఎక్కువ ప్రమాదం. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం, బయట చల్లగా ఉన్నా, మూసిన గుడారంలో 40 డిగ్రీలు దాటడానికి ఎంతోసేపు పట్టదు. లోపల 30 డిగ్రీలు చేరగానే ఒక పక్క తెరవాలి, సూర్యాస్తమయానికి ముందే మూసి పగటి వేడిని లోపల నిలపాలి. పగలంతా ఇంటి దగ్గర ఉండని వారు ఉదయం వెళ్ళేటప్పుడే కొంత తెరిచి పెట్టడం శ్రేయస్కరం. కొద్దిపాటి చలికి మొక్క నెమ్మదిస్తుంది గానీ, మాడిపోతే తిరిగి రాదు. రాత్రి 10 డిగ్రీల కంటే తగ్గుతుందని తెలిస్తే, గుడారంలో నీళ్ళు నింపిన నల్లటి డబ్బాలు పెట్టాలి, పైన పాత దుప్పటి కప్పాలి. డబ్బాలు పగలు వేడెక్కి రాత్రంతా ఆ వేడిని వదులుతాయి.

గుడారం ఉన్నా పురుగుల బెడద తప్పదు. కాండాన్ని నేల మట్టం దగ్గర రాత్రివేళ కొరికేసే పురుగు ఒక్క పూటలో మొక్కను పడగొడుతుంది. అట్టతో చేసిన గొట్టాన్ని కాండం చుట్టూ రెండు మూడు సెంటీమీటర్లు నేలలోకి దిగేలా గుచ్చితే దాన్ని అడ్డుకోవచ్చు. పెంకు లేని నత్తలను రాత్రి టార్చి వేసి ఏరివేయాలి. ఆకులు కొరికే పెంకు పురుగులు బీజదళాలను జల్లెడ చేస్తాయి. ఉత్తర అమెరికాలోని దోస పెంకు పురుగులైతే బాక్టీరియా ఎండు తెగులును కూడా మోసుకొస్తాయి కనుక, అక్కడ గుడారం తెరిచి ఉంచే వేళ పలుచటి వల కప్పడం తప్పనిసరి.

నీళ్ళు ఉదయం పూట, వేళ్ళ చుట్టూ విస్తరించేలా పోయాలి. వేలిని ఐదు సెంటీమీటర్లు గుచ్చితే తడి తగలనప్పుడే పోస్తే, వేరు నీటిని వెతుక్కుంటూ బయటికి సాగుతుంది. నాటిన తర్వాత వారం పది రోజులు పైన పెద్దగా ఎదుగుదల కనిపించకపోవడం సహజం, ఆ సమయంలో ఎరువు పోసి తొందరపెట్టకూడదు. కొత్త ఆకు ముందటి ఆకు కంటే పెద్దదిగా రావడం మొదలైతే వేరు నేలను పట్టిందని అర్థం.

తీగ వాలడం మొదలయ్యాక, రెండు సన్నటి వెదురు పుల్లలను తీగ మీదుగా కత్తెర ఆకారంలో నేలలో గుచ్చితే గాలికి అది తిరగబడదు. తీగను కాస్త జరపవలసి వస్తే ఎండగా ఉన్న మధ్యాహ్నం తర్వాతే జరపాలి, ఉదయం పూట కాండం నీటితో బిగిసి ఉండి సులభంగా విరుగుతుంది. తీగ కొన గుడారం గోడను చేరి, రాత్రి చలి 10 డిగ్రీల పైనే నిలిచాక, మబ్బుగా ఉన్న సాయంత్రం చూసి గుడారాన్ని తీసేయాలి. ఆ వెంటనే, నేలను తాకుతున్న ప్రతి కణుపు మీదా చారెడు తడిమట్టి వేయాలి. అక్కడి నుంచి పుట్టే కొత్త వేళ్ళు తీగను నేలకు కట్టి ఉంచుతాయి, మొదటి వేరు ఒక్కటే మోస్తున్న భారాన్ని పంచుకుంటాయి.